వీపున్న స్టూలు

ఎన్నికలొచ్చాయని మా ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. చంటిపిల్లతో నాలుగు గోడల మధ్య ఉన్నదానికి బయట ఏం జరుగుతోందో ఎవరొచ్చి చెబుతారు? మామయ్య నిలువునా తడిసి మెట్లెక్కి వచ్చిన రోజున తెలిసింది.

"పొద్దున గొడుగు పట్టుకెళ్ళారుగా మామయ్యా, ఏమైంది?" అన్నాను తువ్వాలు అందిస్తూ.

ఆయన తల తుడుచుకోవడం ఆపాడు. "ఆ మాట ఇకమీదట ఈ ఇంట్లో వినపడకూడదమ్మాయ్."

"ఏ మాట?"

"అదే. నెత్తి మీద పట్టుకునేది."

ఈసారి పోటీ కుర్చీ గుర్తుకీ గొడుగు గుర్తుకీ అట. ఇంకా ఎవరెవరో నిలబడ్డారుగానీ వాళ్ళని లెక్కలో వేసే నాథుడు లేడు. మామయ్య వడ్రంగి. మా వీధిలో సగం మంది కూర్చునేది ఆయన చేసిన కుర్చీల మీదే. గోడ మీద కుర్చీ బొమ్మ చూడగానే సొంత బిడ్డ బొమ్మ వేసినట్టు అనిపించిందేమో, అక్కడికక్కడే గొడుగు ముడిచి చెత్తకుండీలో పడేసి, ఆ వానలోనే నడిచి వచ్చాడు.

మా ఆయన బేకరీలో పిండి కలిపే పని చేస్తాడు. "మీ నాన్నకి ఒక మాట చెప్పండి, జలుబు చేస్తుంది" అంటే, "ఎన్నికలయ్యేదాకా ఆయనతో ఏమీ అనకు. బేకరీలో నన్నెవరైనా ఎటు వేస్తావని అడిగితే పిండిలోకి తల దూర్చేస్తున్నాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన కనుబొమ్మల మీద పిండి ఉంది.

మా ఇల్లు ఎలా ఉంటుందో చెబితేగానీ తర్వాత జరిగింది అర్థం కాదు. కింద వీధి వైపు టైలరు పిన్ని కొట్టు. ఆ కొట్టుకి పైన, సగం మేరకే, మేముండే గది. మిగతా సగం మీద డాబా, దానికి కప్పు లేదు. గదికి నేల చెక్కలతో వేసింది. చెక్కల సందుల్లోంచి కింది మాటలు పైకి, పై మాటలు కిందికి నడుస్తుంటాయి. నా చేతిలోంచి గిన్నె జారితే, "ఏం ఒలకబోశావే?" అని కిందనుంచి పిన్ని అడిగేది.

పిన్ని మాకు చుట్టం కాదు. ఒంటి మనిషి. మామయ్యని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఆవిడ నడుముకి ఆపరేషను అయినప్పుడు మామయ్యే వెళ్ళి కొలత తీసుకుని, సరిగ్గా ఆవిడ వీపు వంపుకి తగ్గట్టు కుర్చీ చేసిచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, "నా కోడలి పురిటికి పిల్ల బట్టలు కుట్టిపెట్టు, చెల్లు" అన్నాడు. నేను కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చునే పిన్ని మా బుడ్డిదానికి చొక్కాలు కుట్టింది. పగలల్లా కింద మిషను గడగడలాడుతూనే ఉండేది. మాకది గోడ గడియారం చప్పుడులాంటిది, ఉన్నట్టే తెలిసేది కాదు.

అలాంటి పిన్ని తలుపు మీద గొడుగు జెండా కట్టింది.

"చూశావా అమ్మాయ్" అన్నాడు మామయ్య. "గొడుగు వాళ్ళంతా ఇంతే. ఎండ తగిలినా ఓర్చుకోలేరు, చినుకు పడినా ఓర్చుకోలేరు. ఎప్పుడూ దేని కిందో ఒకదాని కింద దాక్కునే రకం."

చెక్కల కిందనుంచి జవాబు వచ్చింది. "ఏమే, మీ మామకి చెప్పు. కుర్చీ వాళ్ళ సంగతీ నాకు తెలుసు. కూర్చోడమే తప్ప లేవడం తెలియని జాతి."

"నా నడ్డి ఎక్కడ ఆనాలో నాకు తెలుసని చెప్పమ్మాయ్."

"నా నెత్తి ఎక్కడ దాచుకోవాలో నాకు తెలుసని చెప్పవే."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ వినపడుతోంది.

ఆ రోజు నుంచి అన్నయ్యా లేదు, చెల్లెమ్మా లేదు. ఆవిడ, మీ మామ, అంతే. కిందికి వెళ్ళొద్దని నాకు మామయ్య గట్టిగా చెప్పాడు. వీధి కూడా అలాగే తయారైంది. సెలూను అతను గొడుగు మనిషి. మామయ్యకి సగం గడ్డం గీశాక మాట మీద మాట పెరిగిందట, "మిగతా సగం మీ కుర్చీ వాళ్ళ చేత గీయించుకో" అని కత్తి మడిచి లోపల పెట్టేశాడట. మామయ్య రెండు రోజులు ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా తిరిగాడు. అడిగినవాళ్ళకి, "ఇదీ వాళ్ళ పాలన ఎలా ఉంటుందో" అని చెంప చూపించేవాడు.

పిన్ని తక్కువ తినలేదు. ఒక సాయంత్రం కింద ఏవో బరువైనవి ఈడ్చిన చప్పుడు వినపడింది. మర్నాడు మంచినీళ్ళకి దిగినప్పుడు చూస్తే కొట్లో కుర్చీ అన్నది లేదు. కొలతలకి వచ్చినవాళ్ళు గోడకి చేరగిలబడి నిలుచున్నారు. నేను తల వంచుకుని నీళ్ళు పట్టుకుని వచ్చేశాను.

సరిగ్గా ఆ మర్నాటి నుంచి మా బుడ్డిది నిద్ర మానేసింది.

అంతకుముందు అది పగలు రెండు విడతలు మంచమ్మీద హాయిగా పడుకునేది. ఇప్పుడు కన్ను మూతపడ్డట్టే పడి, ఉలిక్కిపడి లేచి, గుక్కపట్టి ఏడవడం. భుజాన వేసుకుని తిప్పాను. ఒళ్లో ఊపాను. మైకు బళ్ళ గోల వల్లేమోనని కిటికీకి దుప్పట్లు కట్టాను. లోపల ఉడికిపోయి ఇద్దరం కలిసి ఏడ్చాం. పగటి నిద్ర లేక రాత్రీ సరిగ్గా పడుకోదు, నిద్ర లేక పాలూ సరిగ్గా తాగదు.

"వాళ్ళ కన్ను పడింది" అన్నాడు మామయ్య, వేలు కిందికి చూపిస్తూ. "కుర్చీ ఇంట్లో పుట్టిన పిల్ల నిండుగా ఉంటే వాళ్ళకి నిద్ర పట్టదు. అందుకని దీని నిద్ర లాక్కున్నారు."

"కుర్చీ కుర్చీ అని పొద్దస్తమానం అరుస్తుంటే పసిపిల్లకి నిద్రెలా పడుతుందో అడగవే" అంది కింద పిన్ని.

ఇలాంటి మాటలు విని విని నాకూ బుర్ర పాడైంది. పిన్ని మెట్ల కింద కనపడితే పిల్ల మొహం మీద కొంగు కప్పేసేదాన్ని. ఆవిడ కుట్టిన చొక్కాలన్నీ మడిచి పెట్టె అడుక్కి తోసేశాను. ఆ చొక్కాలేమో దానికి ఇంకా సరిపోతున్నాయి. నెల తిరిగేసరికి బిగుతు కావాల్సినవి ఇంకా బిగుతు కాలేదంటే ఏమిటో అప్పటికీ నాకు తట్టలేదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ తూచి చెప్పింది. "బరువు పెరగలేదమ్మా. కొంచెం తగ్గింది కూడా. బాగానే పడుకుంటోందా?"

"అస్సలు పడుకోవడం లేదు."

"జ్వరం లేదు, చెవి బాగుంది, కడుపు మెత్తగా ఉంది. ఇంట్లో ఏమైనా మారిందా?"

"ఎన్నికలొచ్చాయి" అన్నాను.

నర్సమ్మ నవ్వలేదు. "ఒక్క వారం చూద్దాం. నిద్ర లేనిదే ఒంటికేం పట్టదు. వచ్చే వారం కూడా ఇంతే ఉంటే పెద్దాసుపత్రికి రాసిస్తాను" అంది.

పిల్లని కొంగులో చుట్టుకుని ఇంటికి నడుస్తుంటే వాన పట్టుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ చెత్తకుండీ పాలైంది కదా. పరుగెత్తి ఇంటి ముందుకి వచ్చేసరికి, మెట్ల మీద నీళ్ళు కాలవ కట్టి జారుతున్నాయి. పిల్లతో ఎక్కడానికి భయం వేసింది. పిన్ని కొట్టు తలుపు తీసే ఉంది. గొడుగు జెండా కింద గుమ్మంలో నిలబడ్డాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. బుడ్డిది ఏడుస్తూనే ఉంది.

పిన్ని లోపల మిషను తొక్కుతోంది. నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఏదో పొడుగాటి తెరకి అంచు కుడుతోంది, చక్రం ఆపలేదు. నేను తలుపు చెక్కకి భుజం ఆనించి, పిల్లని ఆ భుజానికి ఎత్తుకున్నాను.

చక్రం గడగడమంటోంది. తలుపు చెక్క నా భుజానికి సన్నగా వణుకుతోంది. బుడ్డిది ఒక వెక్కు వెక్కింది. ఇంకోటి సగం వెక్కింది. తర్వాత దాని మెడ నా భుజమ్మీద వాలిపోయింది.

పిన్ని అంచు చివరికి వచ్చి చక్రం ఆపింది. బుడ్డిది కళ్ళు తెరిచి మొహం చిట్లించింది.

"ఆపకు పిన్నీ" అన్నాను.

"ఏంటి?"

"తొక్కు పిన్నీ, నీ కాళ్ళు మొక్కుతాను, తొక్కు."

పిన్ని బిత్తరపోయి గుడ్డ లేని మిషనే తొక్కింది. బుడ్డిది మళ్ళీ కళ్ళు మూసింది.

అప్పుడు కొట్టు మొత్తం చూశాను. మిషను ఎదుటి గోడకి, డాబా కింద ఉంది. ఇవతలి మూల ఖాళీ. నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలున్నాయి, మిషను కాళ్ళు ఏళ్ళ తరబడి నిలబడ్డ చోటు. ఆ మూలకి తిన్నగా పైన ఏముందో నాకు తెలుసు. మా మంచం ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ, అసలు పుట్టకముందు నుంచీ, బుడ్డిది ఆ గడగడ మీదే పడుకుంది.

"మిషను ఎందుకు జరిపావు పిన్నీ?"

"నా కొట్టు, నా మిషను."

"పిన్నీ."

ఆవిడ నా మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. గొంతు తగ్గించింది. "నడుము చచ్చిపోతోందే. స్టూలు మీద కూర్చుంటున్నానా, వీపుకి ఆసరా లేదు. ఇక్కడైతే గోడకి చేరగిలబడొచ్చని."

"కుర్చీ ఏమైంది?"

"అటకెక్కించాను." మళ్ళీ గొంతు పెంచింది. "ఎక్కించనా మరి? తలుపు మీద గొడుగు కట్టి, లోపల కుర్చీలో కూర్చుంటే చూసేవాళ్ళు మొహాన ఉమ్మెయ్యరూ?"

"దించుకో పిన్నీ. నేను దించిపెడతాను. నువ్వు ఆ మూలకి జరిగితే మా పిల్ల పడుకుంటుంది."

పిన్ని కాలు ఆగింది, మళ్ళీ నడిచింది. "ఇది మీ మామ ఎత్తు కాదు కదా?"

"ఎత్తేంటి?"

"ఎన్నికల ముందు నన్ను కుర్చీ ఎక్కించి, టైలరమ్మ పార్టీ మార్చిందని ఊరంతా టముకు వేద్దామని."

"పిల్లమీద ఒట్టు పిన్నీ. నేనొచ్చినట్టు కూడా ఆయనకి తెలియదు."

ఆవిడ తొక్కుతూనే వీధి వైపు చూసింది. వాన తగ్గింది. "పిల్లని రోజూ ఇలా తీసుకొచ్చి నిలబడు. అంతవరకు ఒప్పుకుంటాను" అంది. "కుర్చీ మాత్రం ఎక్కను. మాట మాటే."

రోజంతా గుమ్మంలో నిలబడితే వంటెవరు చేస్తారు, గుడ్డలెవరు ఉతుకుతారు? పైగా మామయ్య చూస్తే ఆ గుమ్మంలోనే నాకూ ఆయనకీ ఎన్నికలు జరుగుతాయి.

పైకి వెళ్ళాను. మామయ్య ముక్కు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. వారం నుంచి వానల్లో తడిసి తడిసి ఆయనకి జలుబు వదలడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కిందికి వెళ్ళావా అని కోప్పడబోయాడు, పూర్తిగా విన్నాక ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే, మన కుర్చీ లేకపోతే ఆవిడ నడుము నిలవడం లేదన్నమాట."

"అవును మామయ్యా."

"ఈ మాట సాయంత్రం మీటింగులో చెప్పాలి."

"మామయ్యా" అన్నాను. ఏడుపు వచ్చేసింది. "వచ్చే వారానికి బరువు పెరక్కపోతే పెద్దాసుపత్రికి రాస్తానన్నారు."

ఆయన మీటింగు మాట మళ్ళీ ఎత్తలేదు. మంచం దగ్గరికి వచ్చి పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ చుట్టూ తిప్పితే, ఇంకా చోటు మిగిలింది. ఆయన కొలతల మనిషి. ఆ మిగిలిన చోటు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మేకు మీంచి టేపు తీసి జేబులో వేసుకుని, "నడు" అన్నాడు.

కొట్లోకి మామయ్య అడుగు పెట్టగానే పిన్ని మిషను ఆపి అటు తిరిగి కూర్చుంది. మామయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మధ్యలో నేను, నా చంకలో బుడ్డిది.

"అమ్మాయ్, ఆవిడకి చెప్పు. నా కుర్చీని అటక మీద ఎలకలకి వదిలేశారు, నాకేం బాధ లేదని."

"మీ మామకి చెప్పవే. చీర చుట్టి పెట్టాను, ఎలకలు ముట్టవని."

మామయ్య అటక వైపు తల ఎత్తాడు. "ఏ చీరో అడుగు."

"మంచి చీరే అని చెప్పు."

ఆయన దగ్గాడు. "స్టూలుకి వీపు ఎక్కిస్తాను, ఇష్టమేనా అని అడుగు."

పిన్ని సగం ఇటు తిరిగింది. "స్టూలుకి వీపు ఎక్కిస్తే కుర్చీ అవ్వదా అని అడుగు."

"అవ్వదు. కుర్చీకి చేతులుంటాయి."

"చేతుల్లేని కుర్చీలు నేను చూడలేదా?"

"అవి స్టూళ్ళే. జనం తెలియక కుర్చీలంటున్నారు." మామయ్య నా మీదుగా నేరుగా మాట్లాడేస్తున్నాడు, ఆయనకే తెలియడం లేదు. "నలుగురు వచ్చి అడిగితే నేను చెబుతాను. వడ్రంగిని. నా మాట మీద ఎవడు మాట్లాడతాడు?"

"అయితే వీపు ఎత్తు ఉండకూడదు. వీధిలోంచి చూస్తే కనపడకూడదు."

"ఎత్తు లేకపోతే నడుముకే ఆనుతుంది, వీపుకి ఆనదు."

"నాకు పోయింది నడుమే."

మామయ్య టేపు తీశాడు. పిన్ని స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ఆయన కొలత చూసి, "ఆపరేషను అయినప్పటికంటే వంగిపోయావు" అన్నాడు. ఆవిడ, "స్టూలు మీద కూర్చోబెట్టిందెవరు?" అంది. అదెలా ఆయన తప్పు అవుతుందో ఆయన అడగలేదు.

చెక్క కావాలి. చెక్క మామయ్య పనిచేసే షెడ్డులో ఉంది. బయట మళ్ళీ వాన. తాను తడవడానికి ఆయనకి అభ్యంతరం లేదుగానీ, చెక్క తడిస్తే వంకర పోతుంది. గుమ్మంలో నిలబడి ఆకాశం చూశాడు. లోపల మేకుకి పిన్ని గొడుగు వేలాడుతోంది. దాని వైపు చూశాడు. తల తిప్పుకున్నాడు.

"మీ మామకి చెప్పు" అంది పిన్ని, "అది తీసుకెళ్తే నేనెవరికీ చెప్పనని."

"నేను చచ్చినా దాని కిందికి దూరను."

పిన్ని పెదవి విరిచింది. మిషను అడుగునున్న మైనపు గుడ్డ లాగింది, పిండి బస్తాల మీద కప్పడానికి కుడుతుంటుందే, అది. చరచర కత్తిరించి, రెండు అంచులు కుట్టి, మధ్యలో కొలబద్ద గుచ్చి కట్టింది. దాన్ని నా చేతికిచ్చింది, నేను మామయ్యకిచ్చాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేమిటి?"

"కర్రకి కట్టిన గుడ్డ."

"గొడుగులా ఉంది."

"గొడుగుకి ఊచలుంటాయి. మడత పడుతుంది. ఇది మడత పడుతుందా? పడదు. టైలరుని. నా మాట మీద ఎవడు మాట్లాడతాడు?"

మామయ్య కర్రకి కట్టిన గుడ్డ నెత్తిన పట్టుకుని వానలో నడిచి వెళ్ళాడు. సెలూను అతను తలుపులోంచి తొంగిచూసి ఏదో అనబోతే, "గుడ్డరా, గుడ్డ" అని అరిచాడు.

ఆ సాయంత్రానికి స్టూలుకి వీపు మొలిచింది. జానెడు ఎత్తు, పిన్ని నడుము వంపుకి సరిగ్గా. మామయ్యా నేనూ మిషను ఈడ్చి నాలుగు మచ్చల మీద నిలబెట్టాం. నేను మెట్లెక్కి పిల్లని మంచమ్మీద పడుకోబెట్టాను. కింద పిన్ని కూర్చున్న చప్పుడు, వెనక్కి ఆనుకుని పెట్టిన మూలుగు, తర్వాత చక్రం. చెక్కలు సన్నగా వణికాయి. బుడ్డిది పిడికిలి నోట్లో పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి, పడుకుంది.

మా ఆయన బేకరీ నుంచి వచ్చేసరికి ఇంట్లో అందరం పడుకునే ఉన్నాం. మామయ్య గోడకి ఆనుకుని, నేను మంచం పక్కన నేల మీద. ఎవరికో ఏదో అయిందని ఆయన హడలిపోయాడట.

తెల్లారితే మళ్ళీ మామూలే. "స్టూలు ఎలా ఉందో ఆవిడని అడుగమ్మాయ్" అని మామయ్య, "స్టూలు బాగుంది, మీ పార్టీ బాగాలేదని చెప్పవే" అని పిన్ని. ప్రచారం ముగిసి మైకులు ఆగాయి, వీళ్ళిద్దరి నోళ్ళు ఆగలేదు. కానీ ఎంత తిట్టుకున్నా పిన్ని కాలు మాత్రం ఆగేది కాదు. కుట్టడానికి పని లేని రోజున పాత గుడ్డల అంచులు విప్పి మళ్ళీ కుట్టేది. నర్సమ్మ తూచి, "ఇప్పుడు బాగుంది. ఏం చేశావు?" అంది. "స్టూలుకి వీపు పెట్టించాం" అన్నాను. ఆవిడ రాసుకుంటున్న కలం ఆపి నన్నొకసారి చూసింది.

ఓటు రోజున మామయ్య వీధికి ఈ పక్కన, పిన్ని ఆ పక్కన నడిచి వెళ్ళారు. నేను పిల్లని ఎత్తుకుని మధ్యలో నడిచాను. మీటల ముందు నిలబడి కుర్చీనీ గొడుగునీ మార్చి మార్చి చూశాను. కుర్చీ నొక్కితే పిన్ని ఏమనుకుంటుంది? గొడుగు నొక్కితే మామయ్య మొహం ఎలా చూడను? ఎవరికీ తెలియదని చెబుతారుగానీ, మా ఇంట్లో చెక్కల సందుల్లోంచి తెలియనిదేముంది? కిందికి చూశాను. ఆ కింద బకెట్టు బొమ్మ ఉంది. బకెట్టు తరఫున మా వీధిలోకి మైకు బండి ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నాళ్ళలో మా పిల్లని లేపని పార్టీ అదొక్కటే. వేలు దానంతటదే వెళ్ళింది.

ఫలితాల రోజు నాకు మళ్ళీ బెంగ మొదలైంది. ఇద్దరిలో ఒకరు ఓడక తప్పదు. పిన్ని ఓడితే అలిగి మిషను మళ్ళీ జరుపుతుందేమో. మామయ్య ఓడితే ఆ స్టూలు వీపు ఊడబీకుతాడేమో. పొద్దున్నుంచీ కింద మిషను చప్పుడు లేదు. బుడ్డిది మంచమ్మీద కాళ్ళు కొట్టుకుంటోంది. కొట్లో రేడియో ముందు పిన్ని ఉంది. మామయ్య, "ఆవిడ ఏడుపు చూసొస్తాను" అని కిందికి దిగి, గంట గడిచినా పైకి రాలేదు. నేను పిల్లని ఎత్తుకుని దిగాను.

మామయ్య పిన్ని కొట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అటక మీంచి ఎప్పుడు దించారో. దాని చేతికి ఇంకా చీర వేలాడుతోంది, నిజంగా మంచి చీరే. పిన్ని ఎదురుగా స్టూలు మీద ఉంది. ఇద్దరి మొహాలూ ఒకేలా పాలిపోయి ఉన్నాయి.

"ఎవరు గెలిచారు మామయ్యా?"

"బకెట్టు" అన్నాడు.

"బకెట్టే" అంది పిన్ని. "అన్నయ్యా, అసలు బకెట్టుకి ఓటెవరు వేస్తారు?"

"ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు వేస్తారు చెల్లెమ్మా. కూర్చోడానికి కుర్చీ లేనివాడు, పట్టుకోడానికి గొడుగు లేనివాడు."

"ఎక్కడ పడితే అక్కడ నీళ్ళు ఒలకబోసే రకం."

"అడుగున చిల్లు కూడా ఉంటుంది. మొహం చూస్తేనే చెప్పెయ్యొచ్చు, వీడు బకెట్టు మనిషని."

"నేనైతే నడక చూసి చెబుతాను" అంది పిన్ని. ఇద్దరూ నా వైపు చూశారు. నేను పిల్ల మొహం తుడుస్తూ నిలబడ్డాను.

"అమ్మాయ్" అన్నాడు మామయ్య, "మన ఇంట్లో ఆ బకెట్టు ఉంది చూడు. ఇవాళే తీసి బయట పారేయాలి."

పిల్ల గుడ్డలన్నీ అందులోనే నానబెట్టి వచ్చాను.

"అది బకెట్టు కాదు మామయ్యా" అన్నాను. "పిడి ఉన్న గిన్నె."

మామయ్య కాస్త ఆలోచించాడు. పిన్ని వైపు చూశాడు. పిన్ని కూడా ఆలోచించింది.

"గిన్నెకి పిడి ఉండొచ్చు అన్నయ్యా" అంది చివరికి.

"ఉండొచ్చు" అన్నాడాయన. "వీపున్న స్టూలు ఉన్నప్పుడు."

బుడ్డిది ఆవులించి, ఏడుపు మొదలుపెట్టబోయింది. పిన్ని చాచిన కాలు ముడుచుకుని, మిషను వైపు తిరిగి కూర్చుంది. "పైకి తీసుకెళ్ళవే, పడుకునే వేళయింది" అంది. నేను మెట్లు సగం ఎక్కేసరికే కింద చక్రం మొదలైంది. దాని మీదుగా ఇద్దరూ బకెట్టు వాళ్ళని తిడుతూనే ఉన్నారు. బుడ్డిదానికి ఆ తిట్లు ఏమీ అడ్డం రాలేదు.